వ్యాక్సింగ్‌కి వెళ్తున్నారా? ఆమె మిమ్మల్నేం అడిగింది?

నార్సింగి చౌరస్తాలో నిలబడి నాలుగువైపులా చూస్తే మందుల షాపులకంటే బ్యూటీ పార్లర్ల బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. ఒకప్పుడిది గండిపేట చెరువుకి పోయే దారిలో ఒక పల్లె. ఇప్పుడు ఒకపక్క కోకాపేట ఆకాశహర్మ్యాలు, ఇంకోపక్క పుప్పాలగూడ, మధ్యలో ఔటర్ రింగు రోడ్డు. ఆ మేడల్లో కాపురాలుండే గృహిణుల కోసం, హాస్టళ్లలో వుండి ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల కోసం ఈ పార్లర్లు వెలిశాయి. ఆషాఢం వస్తే చీరల షాపులతో పాటు వీటికీ ఆఫర్లే! చేతులు, కాళ్లు, బాహుమూలాలు మూడూ కలిపి ఇంత అని పెద్ద పెద్ద ఫ్లెక్సీలు కడతారు.

ఆ ఫ్లెక్సీ మీద ధర వుంటుంది. వ్యాక్స్ పేరూ వుంటుంది - తేనె, చాక్లెట్, కలబంద, రికా. (రికా అన్నది ఇటలీ కంపెనీ పేరు. మన దగ్గర అది ఒక రకం వ్యాక్స్ పేరులా వాడుకలోకొచ్చేసింది, జిరాక్స్ లాగా!) చేసే మనిషి ఏం చదివింది, ఎక్కడ నేర్చుకుంది అన్నది మాత్రం ఏ బోర్డు మీదా వుండదు. బెండకాయ లేతదో ముదురో చివర విరిచి చూస్తేగానీ కొనని ఆడవాళ్లు, ఒంటిమీద వేడి మైనం పూసే మనిషిని "ఎంత?" అని తప్ప ఇంకో ప్రశ్న అడగరు. చిత్రం కాదూ!

నేనిది రాయడానికి కారణం మా ఆడపడుచు కూతురు. గచ్చిబౌలిలో ఉద్యోగం. నిశ్చితార్థం నాలుగు రోజులుందనగా హాస్టల్ దగ్గరి పార్లర్‌కి వెళ్లింది. పేరెందుకు గానీ, చూడ్డానికి అద్దాలు, ఏసీ, సన్నగా సంగీతం అన్నీ బాగానే వున్న పార్లరే. చేతులయ్యాయి, కాళ్లయ్యాయి. "పై పెదవి కూడా చేసెయ్యమంటారా మేడమ్?" అంటే సరేనంది. పట్టీ లాగగానే నూగుతో పాటు చర్మం కూడా వచ్చేసింది. వేడి కొంచెం ఎక్కువైనట్టుంది అన్నారట వాళ్లు, కలబంద గుజ్జు రాసి పంపించారట.

వేడి కాదు కారణం. పిల్ల అప్పటికి మూడు నెలలుగా మొటిమలకి డాక్టరు రాసిచ్చిన ఐసోట్రెటినాయిన్ అనే మాత్రలు వాడుతోంది. ఆ మందు వాడేవాళ్ల చర్మం పెళుసుబారుతుంది. వాడుతున్నన్నాళ్లూ, మానేశాక కూడా కనీసం ఆర్నెల్లపాటూ వ్యాక్సింగ్ చేయించుకోకూడదని ఆ మందుతో ఇచ్చే సూచనల్లోనే వుంటుంది. చిన్న అక్షరాల కాగితం, మడతలు విప్పి చదివేదెవరు? "వాళ్లు అడిగితే చెప్పేదాన్ని కదత్తా, మాత్రలు వేసుకుంటున్నానని" అంది. నిశ్చితార్థం ఫొటోలన్నిటిలో పిల్ల తలొంచుకునే వుంది. చూసినవాళ్లందరూ సిగ్గనుకున్నారు. పుండు పదిరోజుల్లో మానింది గానీ, నల్లటి మచ్చ పోవడానికి నెలలు పట్టింది. మనలాంటి చామనచాయ చర్మాలకి ఇదొక తంటా. దెబ్బ మానినా దాని నీడ మిగిలిపోతుంది.

ప్రశ్నల్లోనే వుంది చదువు

ఇది జరిగాక నేను కొన్నాళ్లపాటు అదేపనిగా పార్లర్లు గమనించాను. (కథలు రాసేవాళ్లకి ఊరికే కూర్చుని చూడ్డానికి ఒక సాకు వుంటుందిలెండి.) పాత నార్సింగి గల్లీలో, ఒక ఇంటి కింది వాటాలో, ఒకే గదిలో నడిచే పార్లరొకటి వుంది. నడిపే ఆవిడకి నలభై ఏళ్లుంటాయి. సెట్విన్‌లో బ్యుటీషియన్ కోర్సు చేసిందట. కుర్చీలో కూర్చోగానే వ్యాక్స్ పెట్టె స్విచ్ వేసి, అది కరిగేలోపల మొదలుపెడుతుంది.

"అక్కా, ఏమన్న గోలీలు వాడుతున్నరా? షుగరుందా? రాత్రిపూట మొహానికి క్రీమేమన్న పెడుతున్నరా? ఇదివరకు ఎక్కడన్న చేయించుకుంటే దద్దులు లేసినయా?"

నాలుగే ప్రశ్నలు. ఒక్కొక్కదాని వెనకా ఎంత వుందో చూడండి. గోలీలంటే మొటిమల మాత్రలొక్కటే కాదు. గుండె జబ్బుకో, కాలిలో గడ్డ కట్టినందుకో రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లుంటారు. పట్టీ లాగితే వాళ్లకి చర్మం కింద రక్తం కమ్ముకుంటుంది. షుగరున్నవాళ్లకి చిన్న గీత పడినా మానడం ఆలస్యం, చీము పట్టే అవకాశం ఎక్కువ. కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకైతే వ్యాక్స్ కాలుతున్న సంగతే తెలియదు! ఇక రాత్రిపూట రాసే క్రీములు. ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటివి వున్న క్రీములు ఇప్పుడు స్నేహితురాలు చెప్పిందని, వీడియోలో చూశానని మందుల షాపులో కొని రాసేసుకుంటున్నారు. అవి చర్మం పైపొరను పల్చబరుస్తాయి. వ్యాక్సింగ్‌కి కొన్ని రోజుల ముందే ఆపాలంటారు చర్మవైద్యులు. దద్దుర్ల ప్రశ్నకీ అర్థముంది. చాలా వ్యాక్సుల్లో పైన్ చెట్ల జిగురు వుంటుంది, అది కొందరికి పడదు. అనుమానముంటే ముంజేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర రాసి చూసి, ఒకటి రెండు రోజులాగి చేయించుకోవాలి.

నేనక్కడ కూర్చుని వుండగానే ఒకావిడ వచ్చింది. ఈ మధ్యే గుండెకి స్టెంట్ వేశారట, రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటోంది. "డాక్టరు సార్‌ని అడిగి రాండమ్మా, అప్పుడు చేస్త" అని ఆవిడని పంపించేసింది. ఆరొందల బేరం కదా అన్నాను నేను, ఊరుకోలేక.

"ఆరొందలు పోతె పోయినయి. తోలు ఊడితే ఈ గల్లీల మల్ల మొహమెట్ల చూపియ్యాలె అక్కా?"

వద్దు, మీకు చెయ్యను అనగలగడం ఈ పనిలో పెద్ద యోగ్యత అని నాకనిపించింది. గడ్డం కింద ముదురు వెంట్రుకలు హఠాత్తుగా పెరుగుతున్నాయని వచ్చిన కాలేజీ అమ్మాయితో "నెల నెలా సరిగ్గ వస్తున్నదా?" అని అడిగి, ముందు డాక్టరుకి చూపించుకోమందట. అండాశయాల్లో నీటిబుడగల సమస్య, అదే పీసీఓఎస్, చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. వారం వారం పట్టీ లాగించుకుంటూ వుంటే మూలం అలాగే వుండిపోతుంది కదా.

గోడ మీది సర్టిఫికెట్ సంగతి

మరి సర్టిఫికెట్లు అక్కర్లేదా? కావాలి. కానీ చదవాలి. గోడకి తగిలించిన అరడజను ఫ్రేముల్లో సగానికి సగం ఏదో క్రీముల కంపెనీ ఒకరోజు పెట్టిన శిక్షణ శిబిరంలో పాల్గొన్నందుకు ఇచ్చినవై వుంటాయి. 'పాల్గొన్నారు' వేరు, 'ఉత్తీర్ణులయ్యారు' వేరు. ఐటీఐలలో కాస్మటాలజీ అని ఏడాది కోర్సు వుంది. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్లు అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్టు, బ్యూటీ థెరపిస్టు అని పరీక్ష పెట్టి సర్టిఫికెట్లిస్తారు. పెద్ద సెలూన్లలో కొందరికి సిడెస్కో డిప్లొమా వుంటుంది. అది 1946లో యూరప్‌లో మొదలైన అంతర్జాతీయ సంస్థ. ఇంకో చిన్న విషయం, ఫ్రేములో వున్న పేరు యజమానురాలిదా, ఇప్పుడు మీ చెయ్యి పట్టుకున్న అమ్మాయిదా? చాలాచోట్ల సర్టిఫికెట్ ఒకరిది, చెయ్యి ఇంకొకరిది.

అసలు ఇబ్బంది ఇంకోచోట వుంది. డాక్టరుకి మెడికల్ కౌన్సిల్, నర్సుకి నర్సింగ్ కౌన్సిల్ వున్నాయి. పేరు నమోదు కాకుండా వృత్తి చెయ్యకూడదు. బ్యుటీషియన్‌కి మన దేశంలో అలాంటి కౌన్సిలూ లేదు, లైసెన్సూ లేదు. మునిసిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు షాపుకి. లోపల పనిచేసే చేతులకి కాదు. ఆ కాగితం చూపించి "మాకు గవర్నమెంటు లైసెన్సుందండీ" అంటే దానర్థం అంతవరకే.

టెక్సాస్‌లో వుండే మా పిన్ని కూతురు ఈమాట విని ఆశ్చర్యపోయింది. అక్కడ వ్యాక్సింగ్ చేసే ఎస్థెటీషియన్ 750 గంటలు శిక్షణ పొంది, పరీక్ష ప్యాసై, లైసెన్సు తీసుకోవాలి. అయితే అక్కడా కథ అంత సాఫీగా లేదు. మన దేశం నుంచి వెళ్లిన వాళ్లు చాలామంది చేసే పని, దారంతో కనుబొమ్మలు తీసే థ్రెడింగ్. దానిక్కూడా ఈ 750 గంటల చదువూ చదవాల్సిందేనంటే కొందరు కోర్టుకెళ్లారు. ఆ గంటల్లో 320 దాకా థ్రెడింగ్‌కి సంబంధమే లేనివని తేలి, 2015లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ నిబంధన వాళ్లకి చెల్లదంది. వ్యాక్సింగ్‌కి మాత్రం లైసెన్సు అలాగే వుంది. మన ఎడిసన్ వాళ్లుండే న్యూజెర్సీలో 2009లో ఇంకోలా జరిగింది. మర్మావయవాల దగ్గర చేసే వ్యాక్సింగ్ వల్ల ఇద్దరు స్త్రీలు ఇన్‌ఫెక్షన్‌తో ఆస్పత్రిలో చేరితే, ఆ రకం వ్యాక్సింగ్‌నే నిషేధించాలని అక్కడి బోర్డు ఆలోచించి, గొడవ కావడంతో వెనక్కి తగ్గింది. లైసెన్సులున్న చోటే ఇలా జరిగింది! నన్నడిగితే మనకీ ఒక పరీక్ష, ఒక నమోదు వుంటే బాగుంటుందనే అంటాను. అది వచ్చేదాకా చూసుకోవాల్సింది మనమే.

పాకం తెలిసినవాళ్లం

చేతుల పని ఎలా వుందో కనిపెట్టడం ఆడవాళ్లకి కష్టమేం కాదు. వ్యాక్సింగ్ పుట్టిందే వంటింట్లో. పంచదార, నిమ్మరసం, నీళ్లు కలిపి కాచే పాకంతో నూగు తీయడం అరబ్బు దేశాల్లో తరతరాల ఆచారం. దాన్ని వాళ్లు 'హలావా' అంటారు. మన హల్వా అన్న మాటా అక్కడిదే, తీపి అని అర్థం. మన పార్లర్లలో 'కట్ వ్యాక్స్' అన్నా 'తేనె వ్యాక్స్' అన్నా చాలామటుకు దీని చుట్టాలే. మన వైపు అలవాటు నలుగు. సున్నిపిండి, పసుపు పెట్టి పసిపిల్లల ఒళ్లు రుద్దీ రుద్దీ నూగు రాల్చేవారు. కందిపోయేది పాపం, కానీ కాలేది కాదు!

అరిసెల పాకం పట్టినవాళ్లని ఒక్కసారి అడగండి. ఉండపాకం వచ్చేసరికి దాని వేడి నీళ్లు మరిగే వేడిని దాటి 115 డిగ్రీల దగ్గరికి వస్తుంది. పైగా నీళ్లలా జారిపోదు, అంటుకుని వుంటుంది. 60 డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లు తగిలితేనే లోతుగా కాలుతుందంటే ఇక పాకం సంగతి చెప్పాలా? అందుకే ఇంట్లో చేసుకునేవాళ్లు పూర్తిగా చల్లారాక, గోరువెచ్చగా వున్నప్పుడే వాడాలి. పార్లర్లో వ్యాక్స్ గిన్నె గ్యాస్ పొయ్యి మీద వుందంటే నేనైతే లేచి వచ్చేస్తాను. డిగ్రీలు తిప్పుకునే మీట వున్న హీటరుండాలి. మన ఒంటిమీద రాసేముందు ఆమె తన మణికట్టు మీద కొంచెం రాసి చూసుకోవాలి, చంటిపిల్లకి పాలు చూసినట్టు. నేను చూసిన ఆవిడ ప్రతిసారీ అలాగే చూసుకుంది, ఒకే మనిషికి రెండో చెయ్యి మొదలుపెట్టేముందు కూడా.

తర్వాత చూడాల్సింది గిన్నెలో ముంచే పుల్ల. ఒకసారి ఒంటికి తగిలిన చెక్కపుల్ల మళ్లీ గిన్నెలోకి వెళ్లకూడదు. ఎంగిలి గరిటె పప్పులో పెట్టినట్టే అది. వ్యాక్స్ వేడిగా వుంటుంది కదా, క్రిములు చచ్చిపోవా అంటారు కొందరు. మన చర్మం ఓర్చుకునే వేడికి క్రిములు చావవు. వెంట్రుక ఊడినచోట చిన్న రంధ్రం తెరుచుకుని వుంటుంది, ఒక్కోసారి రక్తపు చుక్క కూడా వస్తుంది. నిన్నటావిడ పులిపిర్లో, సెగ్గడ్డలో మనకి రావడానికి ఆ మాత్రం చాలు. చాలా పార్లర్లలో ఇప్పటికీ ఒకే మొండి చాకుతో పూస్తున్నారు, పాత జీన్స్ గుడ్డ పట్టీలు ఉతికి ఉతికి వాడుతున్నారు. కాగితం పట్టీలు వాడి పారేయడం మంచిది. చేతికి తొడుగులు, మంచం మీద కొత్త కాగితమో ఉతికిన దుప్పటో, ఇవన్నీ అయిదు నిమిషాల్లో కళ్లతో తేల్చుకోవచ్చు. వ్యాక్స్ డబ్బా చూపించమనండి. తయారు చేసినవాళ్ల పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని డబ్బా ఎంత ఖరీదైనదని చెప్పినా నమ్మకండి.

పని తెలిసినామె వెంట్రుక పెరిగిన వైపుకి పూసి, దానికి ఎదురుగా లాగుతుంది. లాగేటప్పుడు రెండో చేత్తో చర్మం బిగించి పట్టుకుంటుంది. పైకెత్తి లాగదు, చర్మానికి ఆనించినట్టే లాగుతుంది. లాగగానే అరచెయ్యి అద్దుతుంది. ఒకేచోట రెండోసారికి మించి పూయదు. మిగిలిన ఒకటీ అరా పట్టకారుతో తీస్తుంది. బియ్యపు గింజంతైనా పెరగని వెంట్రుకలైతే "ఇంకో వారం ఆగి రాండి" అంటుంది. బాహుమూలాల్లాంటి మెత్తని చోట్ల పట్టీ అక్కర్లేని గట్టి వ్యాక్స్ నయం, అది చర్మాన్ని కాకుండా వెంట్రుకని పట్టుకుంటుంది.

ఇక్కడొక మాట చెప్పకపోతే లోటు. మన వైపు ఇప్పుడు ఆడ, మగ అందరికీ కలిపి నడిపే సెలూన్లు ఎక్కువయ్యాయి. ఒళ్లంతా వ్యాక్సింగ్ అన్నప్పుడు స్త్రీయే చేయాలని, తెర కాకుండా తలుపున్న గది కావాలని, గదిలోకి ఎవరి ఫోనూ రాకూడదని ముందే ఫోన్‌లో చెప్పి ఒప్పించుకోండి. మొహమాటపడితే అక్కడికెళ్లాక ఇంకా ఇబ్బంది. మంచి పార్లర్ వాళ్లు ఈ మాటలకి నొచ్చుకోరు.

ఇంటికొచ్చి చేసే అమ్మాయిల సంగతీ చెప్పాలి. మా అపార్టుమెంట్లో సగంమంది వాళ్లనే పిలుస్తారు. సీలు వేసిన ప్యాకెట్లు మనముందే చింపుతారు, పరుచుకునే కాగితం తెచ్చుకుంటారు, శుభ్రత విషయంలో వంక పెట్టలేం. కానీ వాళ్లని గడియారం తరుముతుంటుంది. ఇక్కడ ముప్పావుగంట, తర్వాత మణికొండలో ఇంకొకరు. మధ్యలో ట్రాఫిక్కు, రేటింగ్ తగ్గితే పని తగ్గుతుందన్న భయం. 2021 అక్టోబరులో గురుగ్రామ్‌లో అర్బన్ కంపెనీ ఆఫీసు ముందు ఈ పనిచేసే ఆడవాళ్లే కూర్చుని కమీషన్ల గురించీ, పని షరతుల గురించీ నిలదీశారు. తొందరలో వున్న చెయ్యి మణికట్టు మీద వేడి చూసుకోవడం మర్చిపోతుంది. అందుకే మా ఇంటికొచ్చే అమ్మాయికి నేను ముందు మంచినీళ్లిచ్చి కూర్చోమంటాను. ఆ రెండు నిమిషాల్లో తను అడగాల్సినవి అడుగుతుంది, అడక్కపోతే నేనే చెప్తాను.

చేయించుకున్నాక ఆ రోజంతా బిగుతు బట్టలు, ఎండ, వేడినీళ్ల స్నానం, ఈతకొలను వద్దు. ఈ మాట ఆమే చెప్పాలి, మనం అడక్కుండానే. చిన్న చిన్న ఎర్రపొక్కులు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతాయి. పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా మళ్లీ పార్లర్‌కి కాదు, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. పెద్ద ఆస్పత్రుల ఫీజులు భయపెడితే ఉస్మానియాలో, గాంధీలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. వ్యాక్స్ కాలిందనుకోండి, టూత్‌పేస్టూ, వెన్నా, పసుపూ ఏదీ రాయకుండా వెంటనే కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ల ధార పట్టండి. ఐస్ ముక్క పెట్టకూడదు. అంటుకున్న వ్యాక్స్‌ని పీకకండి, నీళ్లకి చల్లబడ్డాక మిగిలింది డాక్టరే తీస్తారు. మీరు వాడుతున్న మాత్రల పేర్లు అక్కడ కూడా చెప్పండి.